ఖాళీ కాగితం మీద సాక్షి

కోపం వస్తే నా నోరు ఆగదు. మా వాళ్ళందరికీ ఇది తెలుసు. అలాంటిది ఆ మంగళవారం పొద్దున, సరిగ్గా నోరు తెరవాల్సిన సమయంలో, నేను తెరవలేదు. అందుకు నా మీద నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు.

నా పేరు పుణ్యవతి. కాకినాడ మేజిస్ట్రేటు కోర్టులో ముప్పై రెండేళ్ళు పనిచేసి బెంచి క్లర్కుగా రిటైరయ్యాను. ఇప్పుడు నల్లగండ్లలో మా అబ్బాయి రోహిత్ దగ్గర ఉంటున్నాను. వాడు గచ్చిబౌలిలో ఒక కంపెనీలో టీమ్ లీడు, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీ కూడా. ఆ రోజు గీజర్ పనిచేయడం లేదని ఫోన్‌లో అపార్ట్‌మెంట్ యాప్ తెరిచి కంప్లయింటు పెట్టాను. పావుగంటలో వీరేశం వచ్చాడు. ఆరేళ్ళుగా మా అపార్ట్‌మెంటుకి అతనే ఎలక్ట్రీషియను. స్టూలెక్కి గీజర్ మూత విప్పుతూ ఉండగా బెల్లు మోగింది. చూస్తే ఇద్దరు కానిస్టేబుళ్ళు.

"వీరేశం అంటే ఎవరు? ఎస్సై సార్ జర పిలుస్తుండు. పది నిమిషాల పని" అన్నాడు ఒకడు.

పదకొండో అంతస్తులో ఉండే దినేష్ గారి ఖరీదైన వాచీ పోయిందట. ఆదివారం వాళ్ళింట్లో ఫ్యాను బాగు చేసింది వీరేశమట. అంతే, అదే కేసు! వీరేశం స్టూలు మీంచి దిగి నా వైపు చూశాడు.

"అమ్మా, నేను తియ్యలే" అన్నాడు.

"వెళ్ళిరా వీరేశం. ఉన్నది ఉన్నట్టు చెప్పు, భయమెందుకు?" అన్నాను.

అనడమే కాదు, ఆ కానిస్టేబుళ్ళకి మంచినీళ్ళు కూడా ఇచ్చాను. నోటీసు ఉందా బాబూ అని అడగలేదు. అరెస్టు చేస్తున్నారా, ఏ కారణంతో, అతని భార్యకి చెప్పారా అనీ అడగలేదు. ఏడేళ్ళ వరకూ శిక్ష పడే నేరాల్లో ముందు నోటీసిచ్చి పిలవాలని, అరెస్టు చేయక తప్పదంటే ఆ కారణం రాసి చూపాలని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఇంట్లో వేడినీళ్ళు రాకపోతే క్షణంలో కంప్లయింటు పెట్టే దాన్ని, ఇంట్లోంచి మనిషిని పట్టుకుపోతుంటే దిష్టిబొమ్మలా నిలబడ్డాను.

బుధవారం మధ్యాహ్నం వీరేశం భార్య సాయమ్మ వచ్చింది. మా పక్క టవర్లో రెండిళ్ళలో పని చేస్తుంది.

"అమ్మా, మా ఆయన రాత్రంత ఇంటికి రాలే. స్టేషన్ కాడికి పోతే లోపటికి రానిస్తలేరు. గీడ లేడు పో అంటున్రు. లోపట ఆయన దగ్గుతుంటే నాకు ఇనొచ్చింది. పదిహేనేండ్ల సంది ఇంటున్న దగ్గు, నాకు తెల్వదా?" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పులేసుకుని ఆమెతో పాటు ఆటోలో స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్సై కుర్చీ చూపించి మర్యాదగానే మాట్లాడాడు.

"అరెస్టేం చెయ్యలేదమ్మా. ఊకె పిలిచి మాట్లాడుతున్నం."

"అరెస్టు చెయ్యకపోతే ఇంటికి పంపండి. చేస్తే ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టండి. ఈ రెండే ఉన్నాయి, మూడోది లేదు బాబూ."

"కొత్త చట్టాలు వచ్చినయ్ మేడం" అని నవ్వాడు.

"వచ్చాయి. సెక్షన్ల నంబర్లు మారాయి. ఇరవై నాలుగు గంటలు మారలేదు. అది రాజ్యాంగంలోనే ఉంది, ఇరవై రెండో అధికరణం. గోడకి అంబేద్కర్ ఫొటో పెట్టుకున్నారుగా, ఆయన్నే అడగండి!"

నవ్వు ఆగిపోయింది గానీ వీరేశం మాత్రం బయటికి రాలేదు. అప్పుడే న్యాయసేవా సంస్థకి ఫోన్ చేశాను. డబ్బు లేనివాళ్ళకి అక్కడ ఊరికే లాయర్ని ఇస్తారు. శ్రావణి అనే అమ్మాయి మాట్లాడింది. అనంతపురం పిల్ల, గట్టిది. వాళ్ళు ఏ రోజు కోర్టుకి తెచ్చినా నేనుంటానమ్మా అంది.

గురువారం సాయంత్రం రోహిత్ ఆఫీసు నుంచి వచ్చి, ఫోన్ చూసుకుంటూనే చెప్పాడు, పాలవాడు వచ్చి వెళ్ళాడన్నంత తేలిగ్గా.

"ఇందాక క్లబ్ హౌస్‌లో పోలీసులు సంతకం తీసుకున్నారమ్మా. వీరేశం కేసులో. లోకల్‌గా ఉండే పెద్దమనిషి ఎవరైనా పెట్టాలట, ఫార్మాలిటీ."

"ఏ కాగితం మీద?"

"ఏదో ఫామ్. ఇంకా నింపలేదు. వాళ్ళే నింపుకుంటామన్నారు. సెక్రటరీ స్టాంపు కూడా వేశాను."

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని విసిరేయలేదంటే ఆ రోజుకి అదే నా గొప్ప.

"ఒరేయ్! అది అరెస్టు మెమోరా! ఫలానా మనిషిని, ఫలానా రోజు, ఫలానా చోట నా కళ్ళ ముందు అరెస్టు చేశారని నువ్వు సాక్ష్యం చెప్పే కాగితం! నీ కింద పనిచేసే పిల్లలు రాసినదాంట్లో చుక్క తేడా వస్తే వెనక్కి కొడతావు. ఒక మనిషిని జైలుకి పంపే కాగితం చదవలేవూ?"

"మేం రోజుకి ఇరవైసార్లు ఐ అగ్రీ నొక్కుతామమ్మా. అన్నీ చదువుకుంటూ కూర్చుంటే పనవుతుందా? అయినా వాడే తీశాడేమో, నీకేం తెలుసు?"

"తెలీదు! వాడు తీశాడో లేదో నాకు తెలీదు, నీకు తెలీదు, ఆ దినేష్ గారికీ తెలీదు. అది తేల్చడానికే కోర్టుంది. నిజంగా తీసినా సరే, మూడు రోజులు చీకటి గదిలో కూర్చోబెట్టమని ఏ చట్టంలో ఉంది?"

రోహిత్ మొహం ఎర్రబడింది. ఒకటో తారీఖున వాడు కొత్త కంపెనీలో చేరాలి. చేరేముందు పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. అది చేసేది ఈ స్టేషనే.

"మెమో రాశారంటే రేపు వీరేశాన్ని కోర్టుకి తెస్తారు. నువ్వొచ్చి, ఖాళీ కాగితం మీద పెట్టానని చెప్పు" అన్నాను.

"నన్ను ఇందులోకి లాగకమ్మా, నీకు దణ్ణం పెడతాను" అని గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు.

తలుపు బయట నిలబడి ఇంకా నాలుగు తిట్టేదాన్నే. కానీ నాకో సంగతి గుర్తొచ్చి నోరు పడిపోయింది. ముప్పై రెండేళ్ళలో ఎన్ని రిమాండు రిపోర్టులకి నంబరు వేసి బెంచి మీద పెట్టానో లెక్కలేదు. కాకినాడలో ప్రతి దొంగా తెల్లారుజామునే దొరికేవాడు, బస్టాండు దగ్గరే దొరికేవాడు, 'అనుమానాస్పదంగా తిరుగుతూ'నే దొరికేవాడు. ఒక్కడూ ఇంట్లో అన్నం తింటూ దొరకలేదు! అది కట్టుకథని నాకు తెలుసు, గుమస్తాలకి తెలుసు, బయట టీ అమ్మేవాడికీ తెలుసు. నేను స్టాంపు గుద్ది పంపించాను. కొడుకుని తిట్టే అర్హత ఈ నోటికి ఎక్కడిది? అయినా కోర్టుకి వెళ్ళకుండా ఉండలేను.

శుక్రవారం పదకొండింటికి వీరేశాన్ని తెచ్చారు. కుంటుతున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. మేజిస్ట్రేటు ముప్పై అయిదేళ్ళ కుర్రాడు. రిపోర్టు తిప్పుతూ అడిగారు.

"నిన్నెప్పుడు పట్టుకున్నారు?"

"నిన్న సాయంత్రం సార్. లింగంపల్లి బస్టాండ్ కాడ" అన్నాడు వీరేశం, ఎక్కం అప్పజెప్పినట్టు.

బస్టాండు! ఊరు మారింది, రాష్ట్రం మారింది, బస్టాండు మాత్రం మారలేదు.

"కొట్టారా?"

"లే సార్."

అప్పుడు శ్రావణి లేచింది. "అయ్యా, నా క్లయింటుతో ఒక్క నిమిషం కూడా నన్ను మాట్లాడనివ్వలేదు. పోలీసుల్ని దూరంగా పంపి, అయిదు నిమిషాలు ఇప్పించండి" అని అడిగింది. ఇచ్చారు. మూలన నిలబడి ఇద్దరూ మాట్లాడుకున్నారు. తిరిగొచ్చాక వీరేశం బోను కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మంగళారం సార్. పుణ్యవతమ్మ ఇంట్ల గీజర్ చేస్తుంటే పట్కపోయిన్రు. అరికాళ్ళ మీద కొట్టిన్రు. నిన్ననే దొరికిన అని చెప్తే రెండు రోజుల్ల బెయిల్ ఇప్పిస్తమన్నరు. చెప్పకుంటే సాయమ్మ మీద గూడ కేసు పెడ్తమన్నరు."

ఎస్సై ముందుకొచ్చాడు. "అబద్ధం సార్. అరెస్టు మెమో మీద సాక్షి సంతకం ఉంది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, రెస్పెక్టబుల్ మనిషి."

అదీ సంగతి. ఇంజనీరు సంతకం ఒకవైపు, ఎలక్ట్రీషియను మాట ఒకవైపు. ఎటు మొగ్గుతుందో నాకు తెలియనిదా? నేను లేచి చేతులు జోడించాను. ముప్పై రెండేళ్ళూ బెంచి పక్కన కూర్చున్నాను గానీ, బెంచికి ఎదురుగా ఎప్పుడూ నిలబడలేదు.

"అయ్యా, ఆ ఇల్లు నాదే. మంగళవారం పది గంటలకి నా కళ్ళముందే తీసుకెళ్ళారు." ఫోన్ తీసి చూపించాను. గీజర్ కంప్లయింటు ఇంకా మూయలేదు. వీరేశం మా ఇంట్లోకి వచ్చిన టైము పడింది, మంగళవారం తొమ్మిదీ నలభై. కింద 'పని జరుగుతోంది' అని అప్పట్నుంచీ అలాగే ఉంది. "మా గేటు కెమెరాలో పోలీసుల జీపు కూడా ఉంటుందండి. తెప్పించి చూడండి."

మేజిస్ట్రేటు ఫోన్ చూశారు, మెమో చూశారు. "మరి ఈ సాక్షి గురువారం బస్టాండు దగ్గర చూశానని సంతకం పెట్టాడు కదా. ఆయన అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది?"

"ఆయన అక్కడికి వెళ్ళనే లేదండి. క్లబ్ హౌస్‌లో కూర్చుని ఖాళీ కాగితం మీద పెట్టారు. ఆ రోజు సాయంత్రమే నాతో చెప్పారు."

"మీతో ఎందుకు చెప్తాడు?"

"నా కొడుకండి."

మేజిస్ట్రేటు నాచేత ప్రమాణం చేయించి, చెప్పిందంతా రాయించుకున్నారు. రిమాండు తిరస్కరించారు. వీరేశాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి పరీక్ష చేయించమని, సొంత పూచీకత్తు మీద వదిలేయమని రాశారు. ఎస్సైని వివరణ అడిగారు. సాక్షి రోహిత్ కూడా సోమవారం వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలని నోటీసు జారీ చేయమన్నారు. సాయమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. మంగళవారమే ఒక్క మాట అడిగి ఉంటే ఆ ఏడుపు ఉండేది కాదు కదా అనిపించి, నేను చేతులు వెనక్కి తీసుకున్నాను.

నేను ఇంటికొచ్చేసరికి రోహిత్ హాల్లో పచార్లు చేస్తున్నాడు. వార్త అప్పటికే అసోసియేషన్ వాట్సాప్‌లోకి చేరింది.

"కన్నతల్లివై ఉండి నా మీద సాక్ష్యం చెప్తావా?" అని అరిచాడు. "నోటీసట! ఏం తప్పు చేశానని? నామీద ఏం కేసో నాకు చెప్పొద్దా? నా మాట వినకుండానే నేను తప్పు చేశానని రాసేస్తారా? ముందు నేనొక లాయర్ని పెట్టుకోవాలి. లాయర్ లేకుండా ఒక్క మాట కూడా మాట్లాడను. పోలీసులు ఫోన్ చేస్తే వెళ్ళను గాక వెళ్ళను, ఏదైనా ఉంటే రాసి పంపమను! అంత అన్యాయమా? నాకంటూ హక్కులు లేవా?"

నేను చెప్పులు కూడా విప్పలేదు. అక్కడే గుమ్మంలో నిలబడి వాడు చెప్పిందంతా విన్నాను.

"ఉన్నాయిరా. అన్నీ ఉన్నాయి" అన్నాను. "ఏం కేసో రాసి పంపుతారు. టైమిస్తారు. లాయర్ని పెట్టుకోనిస్తారు. నువ్వు చెప్పింది పూర్తిగా విన్నాకే ఏదైనా రాస్తారు. ఎవరూ నిన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోరు. కుర్చీ కూడా వేస్తారు."

చెప్పులు విప్పి లోపలికొచ్చాను.

"వీరేశానికి ఇందులో ఒక్కటైనా ఇచ్చారేమో చెప్పు" అన్నాను.

రోహిత్ సోఫాలో కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "అమ్మా, నాకు భయంగా ఉంది" అన్నాడు.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. కోపం తగ్గలేదు. "సోమవారం నీతో పాటు నేనూ వస్తాను. జరిగింది జరిగినట్టు చెప్పు" అన్నాను.