యమున గిన్నె

ఆదివారమైనా రంజానైనా పొద్దున ఆరింటికల్లా సుమేరా హన్మకొండలోని ల్యాబులో ఉండాల్సిందే. గాజు గిన్నెల్లోని కణాలకు సెలవుల సంగతి పట్టదు. రోజూ పాత ఆహారం తీసేసి కొత్తది పోయాలి. మనుషుల నెత్తురులోంచి తీసిన కణాలను మళ్లీ పసితనానికి మళ్లించి మూలకణాలుగా చేయడం, వాటి నుంచి మెదడూ వెన్నుపామూ తయారయ్యే నాడీనాళాన్ని పెంచడం ఆమె పని. ఆకులాంటి పొర తన రెండంచులూ కలుపుకుని గొట్టంగా మూసుకోవడం పదేళ్లుగా చూస్తున్నా, ఇప్పటికీ ఊపిరి బిగబట్టి చూస్తుంది.

కణాలు తమ మనిషిని మరిచిపోవు. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే సాంబయ్య కణాలు, అక్కడ ఆయన చాయ్ తాగేదాకా ఇక్కడ కదలవు. యమున అన్నం మానేస్తే ఆమె గిన్నెలో నాళం ముడుచుకుంటుంది. అప్పుడు సుమేరా రిజిస్టరులో 'యమున తినలేదు' అని రాసి, పెద్దసారు సుదర్శన్‌తో సంతకం పెట్టిస్తుంది.

యమున అదే మార్కెట్లో మిర్చి తొడిమెలు తీస్తుంది. వెన్ను మూసుకోక ఆమె తొలిబిడ్డ పుట్టిన మూడో రోజే పోయింది. మళ్లీ కడుపొస్తే ఆ బిడ్డైనా దక్కుతుందా అన్నదే ఆమె బెంగ. బిడ్డ వెన్ను సరిగా మూసుకోవాలంటే కడుపు రాకముందు నుంచే రోజూ వేసుకోమని దవాఖానలో డాక్టరమ్మ ఫోలిక్ గోలీలు రాసిచ్చింది.

ఒకరోజు యమున గిన్నెలో చక్కగా మూసుకుంటూ వచ్చిన నాళం నడుము దగ్గర ఆగిపోయింది. సుమేరా ఆహారం మార్చింది, వేడి సరిచూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఇక తెల్లకోటు విడిచి, స్కూటీ ఎక్కి ఎనుమాముల దారి పట్టింది.

"గోలీలు ఏసుకుంటున్నవా యమునా?"

యమున తల వంచుకుంది. "బంద్ జేసిన మేడం, నాలుగొద్దులాయె. పొద్దుందాక మిర్చిల కూసుంటె ఒళ్లంత వేడి. గోలీ గూడ వేడే గద. జర సల్లబడ్డంక ఏసుకుందామనుకున్న."

"గోలీ వేడి చెయ్యదు. నువ్వు బంద్ జేస్తే అక్కడ నీ నాళం నడుము కాడ ఆగింది."

"ఆగిందా?" అంది యమున, ఇంట్లో పిల్లకు జ్వరమని విన్నట్టు. గోలీలు కొంగు ముడిలోనే ఉన్నాయి. ఆమె చేతులకు కారం కాబట్టి సుమేరానే ముడి విప్పి, ఒకటి ఆమె నోట్లో వేసి నీళ్లు పట్టింది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. మూడో నాటి సాయంత్రానికి గిన్నెలో రెండంచులూ కలిశాయి.

ఐదో నెల స్కానింగుకు యమున సుమేరాను వెంట తీసుకుపోయింది. బిడ్డ వెన్ను మెడ నుంచి కిందిదాకా చక్కగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. కడుపులో వెన్ను ఎన్నో వారంలో మూసుకుంటుందో సుమేరాకు తెలుసు. బయట బల్ల మీద కూర్చుని వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టింది. సరిగ్గా తను ఎనుమాములకు పరుగులు పెట్టిన ఆ మూడు రోజులే. ఆ సంగతి యమునకు చెబుతుంటే ఆమెకు కన్నీళ్లు ఆగలేదు.

యమున పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది.

"కడుపుల పడ్డదని అప్పటికి నాకే ఎర్క లేదు మేడం."