వదిన చెప్పిన అంకెలు

చెల్లెలి ఫోను పగిలిపోయిందని, భార్య వాడి వదిలేసిన ఫోను తెచ్చిచ్చాడు అన్న. దర్జీపని చేసే ఆ చెల్లెలు తన సిమ్ము వేస్తే అది కోడ్ అడిగింది.

"వేరే కంపెనీకి లాక్ చేసిన ఫోనిది. కొన్నవాళ్లు అడిగితేనే ఆ కంపెనీ కోడ్ ఇస్తుంది," అన్నాడు రిపేరు షాపతను.

కొన్నది వదిన. జాకెట్టు బిగుతుగా కుట్టావని ఆవిడంటే, నువ్వే ఒళ్లు చేశావని ఈమె అంది. అప్పట్నుంచీ మాటల్లేవు.

రెండు రోజులు తటపటాయించి, పక్కింటావిడ ఫోన్లోంచి చేసింది. వదిన సాగదీయలేదు. కంపెనీని అడిగి, సాయంత్రం తనే తిరిగి చేసింది.

"కంగారుపడకు. ఒక్కో అంకే చెప్తాను, నొక్కు."

ఎనిమిదో అంకెకు సిగ్నల్ వచ్చింది.

"వచ్చింది వదినా."

"అయితే ఇది పెట్టేసి, దాంట్లోంచి చెయ్యి."

చేసింది. "తిన్నావా?" అని అడిగింది.