డైరెక్ట్ చేసిన బండి

తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది, అందుకే నసపెట్టకుండా చెబుతాను. మా బావ నడిపే అంబులెన్సులో రెండు బ్యాటరీలుండేవి. ఒకటి ఇంజన్ స్టార్టు చేయడానికి, రెండోది రోగికి ఊపిరి అందించే మిషన్‌కి. మధ్యలో ఐసోలేటర్ అని పిడికెడంత పెట్టె. ఇంజన్ తిరుగుతుంటే రెంటినీ కలిపి ఛార్జింగ్ ఎక్కిస్తుంది, ఆగగానే విడదీస్తుంది. మిషన్ తన బ్యాటరీని పీల్చి పిప్పి చేసినా స్టార్టు బ్యాటరీ జోలికి రాదు.

ఆ పెట్టె కాలిపోయింది. కొత్తది వారంలో వస్తుందన్నారు. అంతదాకా దాని రెండు బోల్టులకూ లావుపాటి తీగ ముక్క బిగించి, పెట్టెతో పని లేకుండా డైరెక్ట్ చేసేశాను. మా మెకానిక్కులందరికీ ఉన్న రోగమే ఇది. "ఇంజన్ ఆపి మిషన్ వాడకు బావా, రెండూ కలిసే దిగిపోతాయి" అని మాత్రం చెప్పాను. కొత్త పెట్టె వచ్చింది కూడా. ఇవాళ, రేపు అంటూ మూడు వారాలు నా కొట్లోనే మూలిగింది.

పోయిన సోమవారం వంతెన మీద లారీ బోల్తాపడి దారి మూసుకుపోయింది. బండిలో ఒక టైలరమ్మ, మిషన్ మీదే ఊపిరి పీల్చుకుంటోంది. పక్కన కూతురు. డీజిల్ అడుగంటింది. ఆస్పత్రి దాకా మిగలాలని బావ ఇంజన్ ఆపాడు. గంటన్నర తర్వాత దారి తెరిస్తే బండి కిక్కురుమనలేదు. కాసేపటికి మిషనూ ఆగింది. నర్సు, బావ వంతులేసుకుని చేత్తో గాలి సంచి నొక్కారు. వేరే బండి వచ్చేసరికి ఆమె పోయింది.

బండి మరమ్మతులు నావే కాబట్టి విచారణకు నన్ను పిలిచారు. నిజం చెప్పేయాలనే వెళ్లాను. లేకపోతే బావ మీద కేసు పడుతుంది. షెడ్డులో అధికారి ముందు బానెట్ ఎత్తాను. తీగ లేదు.

కాలిన పెట్టె ఒక్కటే ఉంది. అంటే రెండు బ్యాటరీలూ విడిగానే ఉన్నట్టు లెక్క. ఇక స్టార్టు బ్యాటరీ దిగిందంటే డ్రైవరు లైట్లు ఆర్పలేదనే అనుకుంటారు ఎవరైనా.

"ఇక్కడ తీగ ఉండేదండీ. వేసింది నేనే. తప్పు నాదే" అన్నాను. బోల్టుల మీద గీతలు చూపించాను.

"బోల్టులన్నాక గీతలుండవా? ఏదీ తీగ?" అన్నాడు అధికారి. పక్కనే నిలబడ్డ బావను చూపించి, "ఈయన మీకేమవుతాడు?"

"మా అక్క భర్త."

"అదీ సంగతి" అంటూ రాసుకోవడం మొదలుపెట్టాడు.

బావను పక్కకు లాక్కెళ్లాను. "ఎందుకు తీసేశావు? నీకేం పోయేకాలం బావా?"

"ఆపొద్దని నువ్వు చెప్పావు. ఆపింది నేను."

"మార్చకుండా కూర్చున్నది నేను."

"ఇద్దరం లోపలికెళ్తే మీ అక్క ఎవరి ముఖం చూసి బతుకుతుందిరా?" అన్నాడు. గాలి సంచి నొక్కీ నొక్కీ అతని అరచేతులు కమిలిపోయి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

డ్రైవరు నిర్లక్ష్యమని రాసిన కాగితం మీద బావ సంతకం పెట్టాడు. నేను పెట్టనన్నాను. అక్కర్లేదన్నారు.

గేటు దగ్గర టైలరమ్మ కూతురు నిలబడి ఉంది. "ఎవరి తప్పని తేల్చారు?" అని అడిగింది.

"నాదమ్మా" అన్నాను.

"మీ వాణ్ని మీరు కాపాడుకుంటారులే" అని నన్ను దాటుకుని వెళ్లి బావ చొక్కా పట్టుకుంది. ఆ చెంపా ఈ చెంపా వాయించింది. విడిపించబోతే, బావ చేతులు కట్టుకుని అలాగే నిలబడి, "నువ్వు రాకు" అన్నాడు.