ఎడంచేతి వాటం కత్తి

కత్తి కొనడానికి వెళ్లేవాడు కుడిచేతిని శాలువాలో దాచుకుని వెళ్లకూడదు. దాచినంత మాత్రాన ఊళ్లో తెలియనిదెవరికి? తియామెరెన్ కొలిమి దారి పట్టగానే చర్చి మెట్ల మీద ఎండ కాచుకుంటున్న ముసలాళ్లు మాటలు ఆపేశారు. ఒకడు మాత్రం ఉండబట్టలేక, "ఎక్కడికి తియా, కొలిమికా?" అని అడిగాడు.

"కాదు, పెళ్లికి," అన్నాడు తియామెరెన్ ఆగకుండా.

వెనకాలే బుట్ట పట్టీ నుదుటికి తగిలించుకుని వస్తున్న అతని భార్య అసంగ్లా ఎవరి వైపూ చూడకుండా నడిచింది. ఈ మధ్య ఆమె నడక అంతా అలాగే ఉంటోంది.

ఆగస్టులో ఒకరోజు తెల్లారి లేచేసరికి అతనికి కుడిపక్క పడిపోయింది. కాలు రెండు నెలలకు దారికొచ్చింది గాని, చెయ్యి మాత్రం ఉన్నా లేనట్టే. వేళ్లు ముడుచుకోవు. మనిషి మొండివాడు కాబట్టి ఎడం చేత్తో అన్నం తినడం నేర్చుకున్నాడు, బొత్తాలు పెట్టుకోవడం నేర్చుకున్నాడు, కట్టెలు చీల్చడం కూడా కొంత నేర్చుకున్నాడు. ఇప్పుడు పోడు నరకాలి. అక్కడ వచ్చింది చిక్కు.

వాళ్ల ఊరికి పడమటి కొండవాలు పదకొండేళ్లకు ఒకసారి పోడుకు వస్తుంది. జనవరి నెలాఖరుకల్లా ఎవరి ముక్క వాళ్లు నరికి ఎండబెడితే, మార్చిలో అందరూ ఒకేరోజు నిప్పు పెడతారు. నడుమ ఒక్కడి ముక్క పచ్చగా నిలబడిపోయినా మంట అక్కడే చచ్చిపోతుంది, పక్కవాళ్ల విత్తనమూ పాడవుతుంది. అందుకని ఊరి పెద్దలు ఇంటికొచ్చి, టీ తాగి, మర్యాదగానే చెప్పారు. నెలాఖరుకి నరికితే నీది, లేదంటే ఈ వంతు లానుతోషికి వదిలెయ్ అన్నారు. లానుతోషి అసంగ్లా అన్న కొడుకు. మంచివాడు. అదే తియామెరెన్ బాధ. చెడ్డవాడైతే కనీసం తిట్టుకోవచ్చు. ఈసారి వదిలేస్తే ఆ వాలు మళ్లీ వంతుకొచ్చేసరికి తనకు డెబ్బై దాటుతాయి. అంటే ఇక తన చేతికి రాదు. తాత నరికిన నేల, నాన్న నరికిన నేల. తన తర్వాత నరకడానికి ఒక కొడుకు ఉండేవాడు, నుంగ్సాంగ్. వాడు పోయి మూడేళ్లయింది.

ఇంట్లో ఉన్న పాత కత్తితో వారం రోజులు ప్రయత్నించాడు. ఎడం చేత్తో కొడితే కత్తి కొమ్మలో దిగకుండా పక్కకి జారిపోతోంది. బరువెక్కువై ఇలా అవుతోంది, తేలికైనది తీసుకుంటే సరి అని తీర్మానించుకున్నాడు. 

కమ్మరి అలెంబా అతని ఈడువాడే. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే పందిని దొంగిలించి ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నారు. కొలిమి ముందు తిత్తి ఊదుతున్నవాడు ఇద్దరినీ చూసి లేచాడు.

"రా వదినా, కూర్చో. వీణ్ణి మాత్రం కూర్చోమనను. కూర్చుంటే లేవడు."

"నీ నోరు కాలిపోదేంరా, పొద్దస్తమానం నిప్పు దగ్గరే ఉంటావు?" అన్నాడు తియామెరెన్.

"కాలితే ఊరంతా పండగ చేస్తారని ఆపుకుంటున్నా. ఏం కావాలి?"

"కత్తి. తేలికైంది. తుప్పకీ వెదురుకీ పనికొచ్చేది."

అలెంబా అతని శాలువా వైపు ఒకసారి చూసి, గోడకున్న కత్తులు దించి చాప మీద పరిచాడు. మూరెడేసి పొడవు, మొన దగ్గర వెడల్పు, పిడి దగ్గర సన్నం. తాతల కాలంలో వీటితోనే తలలు నరికేవారు, ఇప్పుడు తుప్పలు నరుకుతున్నారు. కత్తికేం, ఏదిచ్చినా నరుకుతుంది.

"ఇది మొన బరువు, చెట్టుకి పనికొస్తుంది. తుప్పకి తీసుకున్నావంటే మధ్యాహ్నానికే భుజం దిగజారిపోతుంది. ఇదిగో, ఇది వెదురుకి. చూడు, నడుం దగ్గర పట్టుకుంటే అటూ ఇటూ ఊగదు. పిడి వెదురు దుంపతో చేశాను, చెమటకి జారదు. ఆ చివరిది పట్నం నుంచి వచ్చేవాళ్లు గోడకి తగిలించుకోడానికి."

తియామెరెన్ రెండోది ఎడం చేత్తో తీసుకున్నాడు. బొటనవేలితో పదును చూశాడు, వేలితో కొట్టి మోత విన్నాడు. బాగుంది. నిజంగానే తేలిగ్గా ఉంది. కొలిమి పక్కన పాతిన వెదురు బొంగు ముందు నిలబడి, కాళ్లు ఎడంగా పెట్టి, ఏటవాలుగా ఒక్కటి వేశాడు.

కత్తి వెదురు పైపొర గీసుకుంటూ జారి, అతని మోకాలికి నాలుగు వేళ్ల దూరంలో నేలలో దిగబడింది.

అసంగ్లా చప్పున లేచి నిలబడింది. 

"ఇంకోసారి," అన్నాడు తియామెరెన్. ఇంకోసారీ జారింది. మూడోసారి అలెంబా వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఆపరా. బరువు కాదు. ముఖం. నీకు తెలీదా? కుడిచేతి వాళ్లకని ఒక ముఖం చదునుగా ఉంచి, రెండో ముఖమే ఏటవాలుగా సానబడతాను. ఎడం చేత్తో కొడితే అది చెక్కలోకి పోదు, బయటికి పోతుంది. నీ ముక్కు మీదికో, కాలి మీదికో. ఎడంచేతి కత్తికి ముఖం తిరగేసి పట్టాలి సాన."

"చెయ్యి నేర్చుకుంటుందిలే. కత్తిదేముంది?"

ఆ మాట నోట్లోంచి వచ్చాకే తియామెరెన్‌కి వినపడింది. అది కొత్త మాట కాదు. పంతొమ్మిదేళ్లు కొడుకుతో రోజూ అన్న మాట అది.

నుంగ్సాంగ్‌ది పుట్టుకతో ఎడంచేతి వాటం. ఆ ఊళ్లో మగాళ్లు పోడు నరికేటప్పుడు కొండకి అడ్డంగా వరసలో నిలబడి, అందరూ ఒకే వైపుకి కత్తి విసురుతూ పైకి ఎక్కుతారు. వరస మధ్యలో ఎడంచేతివాడు ఉంటే పక్కవాడి తల ఉండదు. అందుకని వాళ్లని ఎడమ కొసన, పిల్లల దగ్గర నిలబెడతారు. తన కొడుకు పిల్లల దగ్గర నిలబడతాడా? తియామెరెన్‌కి ప్రాణం పోయినట్టుండేది. తిరగేసి సానబట్టిన కత్తి ఇంట్లోకి రానివ్వనన్నాడు. చెయ్యి మార్చుకో, నేర్చుకో అన్నాడు. తిట్టాడు, కొట్టాడు, అన్నం దగ్గర ఎడంచెయ్యి కట్టేయించాడు. వాడు నాన్న చూస్తున్నంతసేపూ కుడిచేత్తో కొట్టేవాడు, చూడనప్పుడు అదే కత్తిని ఎడం చేతికి మార్చుకునేవాడు. అలా మార్చుకున్న ఒక మధ్యాహ్నం, ఎండు వెదురు మీద కత్తి జారి తొడ లోపలి భాగంలో దిగింది. నలుగురు మోసుకుని కొండెక్కారు. ఊరు కనపడేలోపే అయిపోయింది. ఆ నలుగురితోనూ తియామెరెన్ అన్న మాట, "ఎడంచెయ్యి వాడొద్దని చెప్పాను, వినలేదు" అని. మూడేళ్లుగా ఎవరడిగినా అదే చెబుతున్నాడు.

"కొత్తది చేసిపెట్టు," అన్నాడు చివరికి. "సాన తిరగేసే పట్టు. ఎన్నాళ్లు?"

"ఉన్నవాటి ముఖం మారిస్తే పలచబడి విరుగుతాయి. కొత్త ఇనుము కోసం మనిషిని పంపాలి. రెండు వారాలు."

"నెలాఖరుకి పదకొండు రోజులే ఉన్నాయి."

 అలెంబా బొగ్గు బస్తాల వెనక్కి వెళ్లి, కప్పులోంచి గోనెగుడ్డ మూట ఒకటి లాగి తెచ్చాడు. తెచ్చి తియామెరెన్‌కి ఇవ్వకుండా, ఇద్దరికీ మధ్య నేల మీద పెట్టాడు.

"ఇది మీవాడు చేయించుకున్నది. శనివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు. గురువారం పోయాడు. కరిగించాలనుకున్నా, చేతులు రాలేదు."

చెట్టు మీద పడో, నీళ్లలో మునిగో, సొంత కత్తి తగిలో పోతే దాన్ని దుర్మరణం అంటారు. పూర్వం అలా ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్లు ఇల్లూ గాదెలూ పనిముట్లూ అన్నీ ఉన్నవి ఉన్నట్టు వదిలేసి కట్టుబట్టలతో బయటికొచ్చేవారు. అలాంటివి మానమని పాస్టరు చెప్పాడు, మానేశారు. ఇళ్లు వదలడం లేదు. కాని పోయినవాడి కత్తి మాత్రం ఇప్పటికీ ఎవరూ ముట్టరు. పాస్టరు కూడా ముట్టడు.

"వాడి దగ్గర డబ్బులెక్కడివి?" అన్నాడు తియామెరెన్.

"నా పందిపిల్లని అమ్మి ఇచ్చాను," అంది అసంగ్లా.

అతను ఆమె వైపు తిరిగాడు.

"చచ్చిపోయిందన్నావు కదా."

"నీకు చెప్పొద్దన్నాడు. చెప్పుంటే ఏం చేసేవాడివి?"

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పడానికి లోపల చోటు లేకపోయింది.

"తన్నేవాణ్ణి," అన్నాడు.

అసంగ్లా వంగి మూట విప్పింది. సానబట్టాక ఒక్కసారీ వాడని పదును, అక్కడక్కడ సన్నగా తుప్పు. ఆమె తన శాలువా కొసతో దాన్ని తుడిచి, బుట్టలో వేసుకుని దారి పట్టింది. దుర్మరణం మాట ఆమెకి గుర్తుచేసే ధైర్యం అక్కడెవరికీ లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పోడుకి వెళ్లారు. పక్క ముక్కలో లానుతోషి, ఇంకా ఏడెనిమిది మంది వరస కట్టి నరుకుతున్నారు. తియామెరెన్ తన ముక్క అడుగున ఒక్కడే నిలబడ్డాడు. మొదటి దెబ్బకి అరచెయ్యంత లావు వెదురు బొంగు తెగి, జారుతూ అతని పాదాల ముందు పడింది. అతను దాని వైపు చూస్తూ ఉండిపోయాడు. నరికిన చోట చాకుతో చెక్కినట్టుంది. రెండోది కొట్టాడు. మూడోది. తుప్పలు, తీగలు, ఎండు వెదురు, ఏదీ కత్తిని పక్కకి తోయలేదు. భుజం నొప్పెట్టింది, కాలు లాగింది, మాటిమాటికీ కూర్చోవాల్సి వచ్చింది. కాని కత్తి మాత్రం ప్రతిసారీ అతను అనుకున్న చోటే దిగింది. 

పక్క వరసలో మాటలు తగ్గిపోయాయి. ఆ కత్తి ఎవరిదో అప్పటికే అందరికీ తెలిసిపోయినట్టుంది. రోజూ హద్దు దగ్గరికొచ్చి పలకరించే వాళ్లు ఇవాళ పది గజాలు అవతలే ఉండిపోయారు. లానుతోషి ఒక్కడే దగ్గరికి వచ్చాడు.

"మావయ్యా, ఆ కత్తి..."

"వాడిదే."

"నెలాఖరు దాటితే దాటనీ. నేను పెద్దలతో మాట్లాడతా. నీ ముక్క నేను నరికిపెడతా, పంట నువ్వే వేసుకో. అది మాత్రం అక్కడ పెట్టెయ్."

"ఇటు రా."

రాలేదు. ఉన్నచోటే నిలబడ్డాడు. తియామెరెన్ లేచి, పక్కనున్న బొంగు మీద ఒక్క దెబ్బ వేశాడు. అది పడింది.

"ఎన్ని దెబ్బలు?"

"ఒకటి."

"నాకు ఎడంచెయ్యి వచ్చి ఎన్నాళ్లయింది?"

"ఆర్నెల్లు కాలేదు మావయ్యా."

"వాడికి పుట్టినప్పట్నుంచీ ఉంది."

లానుతోషి తన వరసలోకి తిరిగి వెళ్లాడు. కొడుకుని మోసిన నలుగురిలో అతనూ ఒకడు.

మధ్యాహ్నం అన్నాల వేళకి వరసవాళ్లు నీడలో కూర్చుని ఆకు పొట్లాలు విప్పారు. చేమాకు వేసి వండిన పంది మాంసం వాసన వస్తోంది. తియామెరెన్ కాలీడ్చుకుంటూ హద్దు దాకా వెళ్లి, దాటకుండా అక్కడే నిలబడ్డాడు. కత్తి అతని చేతిలోనే ఉంది.

"ఒక మాట," అన్నాడు. "మా వాడు మాట వినక పోయాడని మీ అందరితో చెప్పాను. మూడేళ్లు చెప్పాను. అది తప్పు. వాడి చేతికి తగిన కత్తి నేను రానివ్వలేదు. వాడు పోయింది నావల్ల."

ఎవరూ తలెత్తలేదు. నోట్లో ముద్ద పెట్టుకున్నవాడు నమలడం మానేశాడు. కాసేపటికి ఒక పెద్దాయన, "కూర్చో తియా, అన్నం తిను," అన్నాడు. ఇటు వచ్చి కూర్చోమని మాత్రం అనలేదు. తియామెరెన్ వెనక్కి తిరిగి తన ముక్కలోకి వచ్చాడు.

అసంగ్లా అక్కడే నిలబడి అంతా వింది. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. కొడుకుని పూడ్చిన రోజు తర్వాత ఆమె అతని ఎదుట ఏడవడం ఇదే మొదటిసారి.

"ఈ మాట నీ నోటివెంట వస్తుందేమోనని మూడేళ్లు నీకు వండిపెట్టాను," అంది.

అతను కత్తిని నేల మీద పెట్టాడు.

"ఇక వండిపెట్టవా?"

 అసంగ్లా వంగి, అతను నరికిన వెదురుని ఒక్కొక్కటే లాగి, ఎండడానికి వాలు మీద పరచడం మొదలుపెట్టింది.