నడిమి కుర్చీలో జెకర్యా మావ

టెక్కలిలో పాత మిషన్ బంగళాను మ్యూజియం చేశాక, ఒక గదిని పాటలు వినడానికే కేటాయించారు. ఆ గదికి కాపలా నేను. ఎదురుగా బీరువాలంత స్పీకర్లు రెండు, నడిమిన ఒక కుర్చీ, పక్కల బల్లలు. వైజాగ్ వాళ్లెవరో వచ్చి మా చర్చి సంఘం క్వయరు పాటను రికార్డు చేసి ఈ గదికి ఇచ్చారు. శబ్దం ఎంత శుభ్రమంటే, పాట మొదలయ్యేలోపు కరుణమ్మత్త గాజులు సర్దుకోవడం, ఎవరో లవంగం నమలడం, ఆ రోజు భావనపాడు రేవులో ఏ చేప పడిందో, అన్నీ తెలుస్తాయి. చివరిది నేను చేర్చాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

ఒకటే చిక్కు. గొంతులు విడివిడిగా వినిపించేది నడిమి కుర్చీలోనే. బల్లల మీద కూర్చుంటే అన్నీ కలిసిపోయి చర్చిలోలాగే ఉంటుంది.

క్వయరుకు పెద్ద జెకర్యా మావ, కరుణమ్మత్త భర్త. పాటలో ఎక్కడో అపశ్రుతి పడుతోందని, అది కీబోర్డు వాయించే నిస్సీ పనేనని ఆయన తీర్మానించాడు. క్రిస్మస్‌కు పలాస నుంచి వేరే మనిషిని తెస్తానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నిస్సీ సగం అన్నమే తింటోంది. మిగతా సగం తిని వాళ్ల తమ్ముడు ఇంట్లో గుమ్మం పట్టకుండా అయ్యాడు.

తప్పేదో అందరి ముందూ వినిపిస్తానని మావ శనివారం అత్తనీ నిస్సీనీ వెంటబెట్టుకొచ్చాడు. తప్పెవరిదో నాకు ముందే తెలుసు. ఆ కుర్చీలో రోజంతా కూర్చునేది నేనే.

"మావా, ఈ బల్ల మీద కూకో. గాలొత్తాది."

"పెద్దోణ్ణి బల్ల మీద కూకోబెడతావేట్రా గుంటడా."

అత్త అప్పటికే కుర్చీని కొంగుతో తుడిచేసింది. మావాళ్లలో ఒక్కటే కుర్చీ ఉంటే అది పెద్దమనిషిదే. ఆ పద్ధతి మార్చడం కన్నా హైవేని పక్కకు జరపడం తేలిక.

పాట వేశాను. ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఇది ఆరాధన కాదని ఒప్పించి కూర్చోబెట్టేసరికి ఒక చరణం అయిపోయింది. మావ కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు.

"కీబోర్డు బాగానే ఉన్నాది," అన్నాడు, పన్ను పీకించుకుంటున్నట్టు. "మగోడొకడు కిందకి జారిపోతన్నాడు. ఎవుడాడు?"

నిస్సీ కాలివేళ్లు చూసుకుంది. నేను స్పీకరు మీద లేని దుమ్ము తుడిచాను.

"సెప్పరేటి? ఆణ్ణి తీసెయ్యాల."

"అయితే మీరే మానుకోవాల," అంది అత్త.

"నానా? నా గొంతు ఇలాగుంటాదేటి? ఇది మేక గొంతు."

"పెళ్లయిన కాణ్ణుంచి పక్కన నిలబడి ఇంటన్నాను. ఆ మేక నాకు తెల్దా."

మావ నమ్మలేదు. తన గొంతు బయటి నుంచి వింటే ఎవరూ నమ్మరు.

"మళ్లీ ఎయ్యరా. నానూ పాడతాను. తేడా మీకే తెలిసిపోద్ది."

వేశాను. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కింద ఆయన గొంతెత్తాడు. రెండో చరణంలో స్పీకరులో మనిషి కిందకి జారాడు. కుర్చీలో మనిషీ అదే అక్షరం దగ్గర, సరిగ్గా అంతే లోతుకి జారాడు. మా సంఘంలో ఇద్దరు అంత బాగా కలిసి పాడటం నేనెప్పుడూ వినలేదు.

మావ మధ్యలో ఆగిపోయాడు. స్పీకరులో ఆయన ఆగలేదు. చివరిదాకా పాడి ఆమెన్ కూడా చెప్పాడు.

వరండాలో ఎవరో టికెట్ల కోసం పిలుస్తున్నారు. నేను కదల్లేదు.

"పలాసోణ్ణి పిలుత్తారా మరి?" అని అడిగింది అత్త.

"ఎందుకూ."

ఆయన లేచి బయటికెళ్లి చెప్పులు వేసుకున్నాడు. ఎడమది కుడికాలికి వేసుకుని, చూసుకుని, మార్చుకున్నాడు. అప్పుడు నిస్సీ వైపు తిరిగాడు.

"అమ్మా, పండక్కి నువ్వే వాయించు. సౌండు మాత్రం కుసింత పెంచు."

"ఎంత పెంచాల తాతా?"

"నాను ఇనబడనంత."