మేం కొట్లాడి తెచ్చుకున్న సీసాలు

బూటు విప్పేదాకా అన్నకి తెలియనే లేదు, కాల్లో గాజుపెంకు దిగిందని. కూల్‌డ్రింక్ ఫ్యాక్టరీ సిరప్ గదిలో ఇరవై ఏళ్లు చక్కెర బస్తాలు మోసిన మనిషి. మేజోడు నిండా రక్తం. బొటనవేలు నల్లబడిపోయింది. సూపర్‌వైజర్ ముక్కు మూసుకుని చూశాడు.

"షుగరా? సరే, ఇంటికెళ్లు. రేపట్నుంచి రాకు."

అంతే. ఇరవై ఏళ్లకి అంతే!

నేను పక్కనే ఉన్నాను. సీసాలు నింపే మిషన్ నాది. యూనియన్ కార్యదర్శిని కూడా నేనే. అయినా తల దించుకుని మిషన్ వైపు తిరిగాను. ఆ రోగం అన్నకి తెచ్చిపెట్టింది నేనే మరి.

ఆరేళ్ల కిందట పదకొండు రోజులు సమ్మె చేశాం. "మేం చేసే డ్రింకు మాకు లేదా?" అని గేటు దగ్గర గొంతులు చించుకున్నాం. గెలిచాం. నిండా పడని సీసాలు, అమ్మకానికి పనికిరానివి, పనివాళ్లు ఎన్నయినా తాగొచ్చు, ఇంటికీ పట్టుకెళ్లొచ్చు అని కాగితం రాయించి సంతకం పెట్టాను. అన్న నన్ను భుజాలమీద ఎత్తుకుని ఊరేగించాడు. మరుసటి వారం కంపెనీ మంచినీళ్ల కుళాయి పీకేసింది. ఒక్కడూ అడగలేదు. చల్లటి సీసా చేతిలో ఉండగా నీళ్లెవడిక్కావాలి? ఎంత బుద్ధి తక్కువ వాళ్లం!

ఆ మధ్యాహ్నం ఖాళీ ట్రేల వెనక అందరం చేరాం. లేబుళ్లు అంటించే అక్క ఒక సీసా తిప్పి, సన్నటి అక్షరాలు కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివింది.

"నీళ్లు, చక్కెర, పులుపుకి ఆసిడ్, రంగు, వాసన, పాడవకుండా ఏదో మందు. నారింజ రసం సున్నా. చక్కెర సీసాకి ముప్పై అయిదు గ్రాములు. రోజుకెన్ని లాగిస్తావురా నువ్వు?"

"ఎండాకాలం ఎనిమిది," అన్నాడు లారీలకి ట్రేలెత్తే బక్కోడు.

"అంటే పావుకిలో పైనే."

"ఓరి నాయనో! మా ఇంటిల్లిపాదికీ వారానికి అంతే కదక్కా తెచ్చేది!"

కొందరు నవ్వారు. అక్క నవ్వలేదు. "రోజుకి వేల లేబుళ్లు అంటించాను. ఒక్కటంటే ఒక్కటి చదవలేదు. నా చేతులు పడిపోను!" అని ఏడ్చింది.

మేనేజర్ దగ్గరికి వెళ్లాం. కుళాయి పెట్టాలి, అన్నకి వైద్యం చేయించాలి, పని తిరిగి ఇవ్వాలి అన్నాం. ఆయన పాత కాగితం తీసి నా ముందు పడేశాడు.

"సంతకం నీదేగా? అడిగి మరీ తాగారు. ఇప్పుడు మమ్మల్నంటే ఎలా?"

మిషన్లు ఆపేశాం. రెండో రోజుకే చీలికలు మొదలయ్యాయి. "ఉన్న సీసాలూ పోతాయి, ఇంట్లో పిల్లలు అలవాటుపడ్డారు," అని గొణిగారు. నాలుగో రోజు ఆస్పత్రిలో అన్న కాలు తీసేశారు. ఆరో రోజు అన్నే పోయాడు. వదిన నా వంక చూసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అవతలికి తిరిగింది. తిట్టినా బాగుండేది.

శవాన్ని గేటు ముందు పెట్టి, ఇక్కణ్నుంచి కదలం అన్నాం. పోలీసులు లాఠీలతో దిగారు. నన్నూ అక్కనీ ఈడ్చుకెళ్లి వ్యానెక్కించారు. అప్పటికే వెనక గేటు నుంచి కొత్తవాళ్లని దించేసింది కంపెనీ. వాళ్లు గేటు ఊచల వెనక నిలబడి మమ్మల్ని చూస్తున్నారు, చేతిలో తలా ఒక సీసా. అక్క వ్యాను జాలీ పట్టుకుని అరిచింది.

"తాగకండర్రా! ఇక్కడ నీళ్లెందుకు లేవో అడగండి! అడగండర్రా!"

వాళ్లలో ఒక నడివయసు మనిషి సీసా కింద పెట్టాడు. "నీళ్లెక్కడున్నాయండీ?" అని సూపర్‌వైజర్‌ని అడిగాడు. చెంప ఛెళ్లుమంది. రేపు అతనికి పని ఉండదు, నాకు తెలుసు. మాకూ లేదు. అన్న లేడు. మేం ఓడిపోయాం.

వ్యాను కదిలింది. గేటు లోపల ఇంకో గొంతు, ఆడగొంతు, గట్టిగా లేచింది. "చెప్పవయ్యా, నీళ్లెక్కడ?"

ఆమె మీద దెబ్బ పడేలోపే మూడో గొంతు అందుకుంది.