బోడిగుట్ట కింద ద్రాక్షతోట

దేవకమ్మ వల్ల ద్రాక్షతోట మాడలేదు. ఆమె వల్లే మాడిందని ఊరంతా చెప్పుకుంది. ఆ మాట పుట్టించింది ఆమె మొగుడు మునిరత్నం సొంత తమ్ముడు ప్రేమానందం.

వాళ్ల నాయన కాలంలో ఆ నేలలో తమలపాకు తోట ఉండేది. బహిష్టయిన ఆడది ఆకుతోటలో అడుగుపెడితే తీగ మాడిపోతుందని కట్టుబాటు. ఆకుతోట పోయి ద్రాక్షపందిరి వచ్చింది. కట్టుబాటు మాత్రం పోలేదు. రెండు వేల పదహారు ఏప్రిల్‌లో కూలీలు దొరక్క, ఆ మూడు రోజుల్లోనే దేవకమ్మ పందిరి కిందికి వెళ్లి నీళ్లు కట్టింది. వారం తిరక్కుండా గుత్తులు ముడుచుకుపోయాయి. చెరువు పక్కనున్న ప్రేమానందం తోట పచ్చగా నిలిచింది.

"మా ఇంట్లో ఆచారం ఉండాది. అందుకే నిలిచింది," అన్నాడతను.

ఇక తిరుచానూరు అమ్మవారి గుడికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు ఇంటింటికీ కుంకుమ పంచి, ఆమె గడప మాత్రం తొక్కకుండా పోయేవాళ్లు. రెండేళ్లకు దేవకమ్మ పోయింది. మాట పోలేదు.

ఈ వేసవిలో తిరుపతి నుంచి నందిని అనే పరిశోధకురాలు వచ్చింది. ముదురుతున్న ఎండలకు ద్రాక్ష ఏమవుతోందో ఉపగ్రహం కొలతలతో చూస్తోంది. పంచాయతీ ఆఫీసులో రైతులను కూర్చోబెట్టి గోడ మీద ప్రొజెక్టర్‌తో బొమ్మ వేసింది.

"ఏమ్మా, ఆకాశంలో ఉండేదానికి మా గుత్తులు కనపడతాయా?" అన్నాడు నరేంద్ర అనే రైతు. అందరూ నవ్వారు.

"గుత్తి కనపడదన్నా. నేల ఎంత కాగిందో కనపడతాది. బొమ్మలో ఒక్కో గడి రెండున్నర ఎకరాలు."

మునిరత్నం నవ్వలేదు. లేచి నిలబడ్డాడు. "పాతవి ఉండాయా?"

"ముప్పై ఏండ్లవి ఉండాయి, పెద్దాయనా."

"పదహారు ఏప్రిల్‌ది తియ్యి."

బొమ్మ పడింది. బోడిగుట్టా, దాన్ని ఆనుకున్న మునిరత్నం తోటా ఒకే ఎరుపు. చెరువు పక్క లేతపచ్చ.

"ఈ తోట నలభై తొమ్మిది డిగ్రీలు కాగింది," అంది నందిని. "గుట్టరాయి సెగ కొట్టింది. ఆ వేడికి కాయ నిలవదు. చెరువు తడికి ఇటు తొమ్మిది తక్కువ."

"ఇప్పుడు పంతొమ్మిది తియ్యి. ఇరవై నాలుగు తియ్యి. తోట మళ్లీ మాడిన ఏండ్లు అవి."

రెండూ ఎరుపే.

మునిరత్నం తమ్ముడి వైపు తిరిగాడు. "ఒరే ప్రేమా, ఆ రెండుసార్లూ పందిట్లోకి ఎవురు పోయినార్రా? నా పెండ్లాం ఎప్పుడో బూడిదైపాయ గదా!"

వెనక కూర్చున్న అక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ తల్లికి కుంకుమ పెట్టకుండా పోయిన పాపిష్టిదాన్ని నేనే," అంది.

"తెలీక అనేసినాను అన్నా," అన్నాడు ప్రేమానందం.

"నాకు కాదు. పొద్దున టీ అంగడి కాడ నిలబడి చెప్పు."

తెల్లారి ప్రేమానందం నలుగురిలో నిలబడ్డాడు. "మా వదిన తప్పు లేదు. గుట్ట వేడికి మాడింది. నేను చెప్పింది అబద్ధం."

అప్పుడే నగరి బస్సు వచ్చి ఆగింది.

"వీళ్లు వినలేదు. మళ్లీ చెప్పు," అన్నాడు మునిరత్నం.

మళ్లీ చెప్పాడు, ఈసారి గట్టిగా. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. మునిరత్నం తల ఎత్తి, టీ చివరి గుక్కదాకా నిదానంగా తాగాడు. పదేళ్లలో అంత రుచిగా ఏదీ తాగలేదు.

"ఇంకేమన్నా ఉంటే తిట్టెయ్ అన్నా. మనసులో పెట్టుకోవద్దు," అన్నాడు తమ్ముడు.

"నీళ్ల వంతు గురించి అడుగు, చెప్తా. ఎరువు గురించి అడుగు, చెప్తా. మీ వదిన సంగతి మాత్రం నీతోనే కాదు, ఎవురితోనూ, సచ్చేదాకా నోరు తెరవను."